ఆఫీసు ముందు ఉన్ని గుడారం

ఆ రోజు కోసం తాలాయ్ వేసుకున్న పథకంలో చావు లేదు. ఒక గుడారం ఉంది, ఒక గంట ఉంది, ఒక చెక్క పలక ఉంది. అంతే.

తాలాయ్ బిష్కెక్ నగరంలో భవనాల నమూనాలు గీసే ఒక సంస్థలో ఇంజనీరు. పోయిన వసంతంలో డైరెక్టరు ఇషెన్‌బెక్ ఏదో సదస్సుకు వెళ్లి, భోజనాల వేళ దాకా ఓపికగా కూర్చుని, మూడు కొత్త మాటలు మూటగట్టుకొచ్చాడు: సుస్థిరత, భద్రత, అందుబాటు. భవనం వేడిని దుబారా చేయకూడదు, నిప్పంటుకుంటే మనుషులు ప్రాణాలతో బయటపడాలి, నడవలేనివాళ్లు కూడా లోపలికి రాగలగాలి. వీటన్నిటికీ కలిపి ఒక విభాగం పెట్టి తాలాయ్‌ని అధిపతిని చేశాడు. విభాగంలో అధిపతి తప్ప ఇంకెవరూ లేరు. మెట్ల కింద ఒక బల్ల వేశారు. ఎవరైనా మెట్లెక్కితే అధిపతి నెత్తిన సున్నం రాలేది.

అయినా తాలాయ్ ఆ పదవిని అపురూపంగా చూసుకున్నాడు. దానికో కారణం ఉంది. తలాస్ నుంచి వైద్యానికి వచ్చిన అతని తల్లి, చేతికర్ర మీద ఆనుకుని కొత్త పాలీక్లినిక్ ఆస్పత్రి ర్యాంపును కింది నుంచి పైదాకా చూసి, "ఇది మేకల కోసం కట్టారా నాయనా?" అని అడిగి, డాక్టరు మొహం చూడకుండానే ఊరికి వెళ్లిపోయింది. ఆ ర్యాంపు గీసింది ఇషెన్‌బెక్ సంస్థే. ఆ ముక్క తల్లికి చెప్పడానికి తాలాయ్‌కి నోరు రాలేదు.

ఇప్పుడు నగరంలో ఒక పునరావాస కేంద్రం కట్టబోతున్నారు. పని ఎవరికివ్వాలో తేల్చే కమిటీ ఆ రోజు ఆఫీసు చూడటానికి వస్తోంది. కమిటీ పెద్ద బురుల్ అనే డాక్టరమ్మ. చక్రాల కుర్చీలో తిరుగుతుంది. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు నగరంలో లేరు.

"ఈ పని మనకు రాకపోతే నీ విభాగానికి తాళమే" అని ముందురోజే చెప్పేశాడు ఇషెన్‌బెక్. "ఆ బల్ల మీద జిరాక్సు మిషను పెట్టుకుంటాం. నువ్వు మళ్లీ పార్కింగు గీతలు గీసుకుందువుగాని."

"మరి మీరుండరా అన్నా?"

"నేనుంటే ఆవిడ పాత గోతులన్నీ తవ్వుతుంది. మీ వదినను తీసుకుని వేడినీటి బుగ్గలకు పోతున్నా. ఎక్కడున్నానో ఎవరికీ చెప్పకు. ఫోన్లు కట్టేస్తాం. అంతా నువ్వే చూసుకో."

అసలు చిక్కు వేరే ఉంది. ఊరందరికీ భవనాలు గీసిపెట్టే ఆ ఆఫీసుకే ర్యాంపు లేదు. గుమ్మం ముందు ఏటవాలు రాతిమెట్లు, శీతాకాలంలో వాటి మీద మంచు. దీపం కిందే చీకటి. బురుల్‌ను లోపలికి ఎలా తీసుకెళ్లాలా అని తాలాయ్ వారం రోజులు జుట్టు పీక్కుని, చివరికి అసలు తీసుకెళ్లకూడదని తేల్చాడు. ఆఫీసు ముందు ఉన్ని గుడారం వేయించి, గడప మీద పలక పరిచి, కమిటీని అందులోనే కూర్చోబెడితే సరి. ఆ సంగతి ఇషెన్‌బెక్ చెవిన కూడా వేశాడు. పైగా అంతకు మించిన సుస్థిరమైన కట్టడం ఎక్కడుంది? మేకు లేదు, సిమెంటు లేదు, గోడలు గొర్రెల వీపు మీంచి వచ్చినవి.

ఉన్ని గుడారం పండక్కీ వేస్తారు, పెళ్లికీ వేస్తారు, చావుకీ వేస్తారు. తాలాయ్‌కి మొదటి రెండే గుర్తొచ్చాయి. కానీ నవంబరులో, పనిరోజున, నగరం నడిబొడ్డున గుడారం లేచిందంటే మనవాళ్లు అనుకునేది ఒకటే.

గుడారం కోసం కెమిన్‌లో గుడారాలు అద్దెకిచ్చే జుమాష్‌కి ఫోను చేశాడు. ఇషెన్‌బెక్‌ది కూడా అదే ఊరు.

"గుడారం కావాలి. రేపు తెల్లారేసరికి ఇక్కడ లేచి ఉండాలి."

"ఎవరికి?"

"మా ఇషెన్‌బెక్ అన్న ఆఫీసు ముందు. పెద్దవాళ్లు వస్తున్నారు."

"తెల్లదా, బూడిదరంగుదా?" అని జుమాష్ నెమ్మదిగా అడిగాడు.

"ఏదైనా ఫరవాలేదు. మర్యాదగా ఉంటే చాలు."

"గుండె దిటవు చేసుకో తమ్ముడూ" అని జుమాష్ ఫోను పెట్టేశాడు. కమిటీ గురించి ఇతనికి కూడా తెలిసిందే అని తాలాయ్ ఆశ్చర్యపోయాడు.

మనవాళ్లలో ఒక పద్ధతుంది. చావు కబురు మొహం మీద చెప్పరు. "గట్టిగా ఉండు" అంటారు, "ఒకసారి రా" అంటారు, గొంతు తగ్గిస్తారు. విన్నవాడు కూడా ఎవరు పోయారని అడగడు. అడిగితే మోటుతనం. ఈ పద్ధతి ఎంతో నాజూకైనది, ఎవరైనా నిజంగా పోయినప్పుడు.

తెల్లారేసరికి గుడారం లేచింది. కూలి సంగతి ఎత్తితే జుమాష్, "ఇప్పుడా ఆ మాటలు?" అని తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. లోకంలో ఇంకా మంచితనం ఉందని తాలాయ్ మురిసిపోయాడు.

పక్క భవనంలో ఉండే తుర్దుకుల్ తాత కంచె పక్కన ఆగాడు. ఇషెన్‌బెక్‌తో సాయంత్రాలు చదరంగం ఆడేది ఆయనే.

"ఏం నాయనా, ఇషెన్‌బెక్ కనబడడేం?"

"ఇవాళ రారు తాతా."

"ఎక్కడున్నాడు?"

తాలాయ్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పాల్సి వస్తే నేల చూపులు చూస్తాడు. "చెప్పకూడదు తాతా. అంతా నన్నే చూసుకోమన్నారు" అన్నాడు నేల చూస్తూ.

తాత గుడారం వైపు చూశాడు, తాలాయ్ వైపు చూశాడు. ఇంకేమీ అడగకుండా, వచ్చిన దారినే ఇంటికి వెళ్లిపోయాడు.

కమిటీ రాకముందే ఒకసారి అగ్నిప్రమాద విన్యాసం చేసి చూద్దామని తాలాయ్ గంట మోగించాడు. జనం చేతిలో టీ కప్పులతో దిగి వచ్చారు. భద్రతా నియమం ప్రకారం తల లెక్కకు వీలుగా మగవాళ్లను గుడారం పక్కన వరసగా నిలబెట్టాడు. చలికి వాళ్లు చేతులు పొట్ట మీద కట్టుకుని, తలలు వంచుకుని నిలుచున్నారు. సన్నగా జల్లు పడుతోంది. ఆడవాళ్లు తడవడం ఎందుకని వాళ్లను గుడారంలోకి పంపాడు. చివరగా నలుగురు కలిసి, సొమ్మసిల్లినవాణ్ని మోసే అభ్యాసం కోసం తెప్పించిన నిలువెత్తు రబ్బరు బొమ్మను, దుప్పటి కప్పి, స్ట్రెచర్ మీద మోసుకొచ్చి గుడారంలో పడుకోబెట్టారు. డాక్టరమ్మ చూసి ఝడుసుకుంటుందేమోనని తాలాయ్ దాని ముందు తెర కూడా కట్టాడు. లోపల తెర, తెర వెనక దుప్పటి కప్పిన ఆకారం, తెర ముందు ఆడవాళ్లు, బయట వరసలో మగవాళ్లు. మనవాళ్ల చావు గుడారంలోనూ సరిగ్గా ఇదే అమరిక. నియమాల పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు జరిగిందని తాలాయ్‌కి తృప్తి కలిగింది.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ఒక ఆర్తనాదం లేచింది. తుర్దుకుల్ తాత నల్లకోటు వేసుకుని, చావుకు వెళ్లేవాళ్లలా నడుముకు గుడ్డ బిగించి, కర్ర ఊతగా, "అయ్యో నా తమ్ముడా, నన్ను వదిలి వెళ్లిపోయావా" అని రాగం తీస్తూ గుడారం వైపు వస్తున్నాడు.

ఒక పెద్దమనిషి ఏడుస్తూ వస్తే వరసలో ఉన్న మగవాళ్లు ఎదురేడవాలి. అది పుట్టుకతో వచ్చే అలవాటు. లిఫ్టుల ఇంజనీరు ముందు అందుకున్నాడు, తర్వాత నీటి గొట్టాలాయన, ఆ తర్వాత అందరూ. లోపల ఆడవాళ్లు కూడా శోకాలు మొదలుపెట్టారు. తెర వెనక ఉన్నది రబ్బరు బొమ్మని వాళ్లకు తెలుసు. అయినా ఇంతమంది మగాళ్లు ఊరికే ఏడవరు కదా, ఎవరో పోయే ఉంటారు, శవం దారిలో ఉందేమో అనుకున్నారు. ఎవరని ఎవరూ ఎవరినీ అడగలేదు.

తాత వచ్చి తాలాయ్‌ని కావలించుకున్నాడు. "గట్టిగా ఉండు బిడ్డా. ఇక నీదే భారం."

"తాతా, ఏమైంది?"

"నాతో చెప్పించకు" అన్నాడు తాత.

వీధి అవతల మాంసం కూరిన సమ్సాలు కాల్చే బేకరీ ఆవిడ బుట్టెడు సమ్సాలతో వచ్చి తాలాయ్ తల నిమిరి లోపలికి పోయింది. ఆవిడ వెనక ఆ వీధి, ఆ వీధి వెనక పై వీధి. స్కూలు హెడ్మాస్టరు వచ్చాడు. తాలాయ్ ఎన్నడూ చూడని మొహాలెన్నో వచ్చాయి. వచ్చినవాళ్లందరూ తాలాయ్ చెయ్యే పట్టుకుంటున్నారు, తాలాయ్ భుజమే తడుతున్నారు. దాంతో అతనికి ఒకటే అనిపించింది. పోయింది ఎవరో తన మనిషే. ఊరందరికీ తెలుసు, తనకే తెలీదు.

తలాస్‌లో తల్లికి ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. భార్య నజిరాకు చేశాడు. అప్పటికే నజిరాకు ఎవరో ఫోను చేసి మీ ఆయన ఆఫీసులో గుడారం లేచిందని చెప్పి ఉన్నారు.

"ఏం లేదు, కంగారు పడకు" అంది నజిరా మెత్తగా. "నేనూ వస్తున్నా. ఏమైనా తిన్నావా?"

పెళ్లయ్యాక నజిరా అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు. తాలాయ్‌కి ఇక అనుమానం లేదు. అమ్మ పోయింది. ర్యాంపు ఎక్కలేక, డాక్టరుకు చూపించుకోకుండానే పోయింది. అతను గుడారానికి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. అంతదాకా ఏదో మర్యాదకు ఏడుస్తున్న ఆఫీసు జనానికి ఆ ఏడుపు చూసి గుండెలు చెరువయ్యాయి. "పాపం, డైరెక్టరంటే ఎంత ప్రేమ" అని లిఫ్టుల ఇంజనీరు చెవిలో ఎవరో అన్నారు. అలా ఆఫీసుకూ కబురు తెలిసింది, తాలాయ్‌కి తప్ప.

ఆ సమయానికి కమిటీ దిగింది. బురుల్ మొహం గంటు పెట్టుకునే వచ్చింది. ఏయే ప్రశ్నలతో ఇషెన్‌బెక్‌ను కడిగేయాలో దారంతా అనుకుంటూ వచ్చినట్టుంది. గుడారం చూసి ఆవిడ మొహం మారింది. తాలాయ్ కళ్లు తుడుచుకుని ఎదురెళ్లాడు.

"అక్కా, వచ్చారా. అంతా మీకు చూపించాలనుకున్నాను" అన్నాడు.

"ఇప్పుడేం మాట్లాడకు నాయనా" అంది బురుల్. కుర్చీని తానే తోసుకుంటూ పలక మీదుగా గడప దాటి, ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్లి, ఆడవాళ్ల మధ్య కూర్చుని కళ్లు ఒత్తుకుంది. తన పలక అంగుళం తేడా లేకుండా సరిపోయిందని ఆ దుఃఖంలో కూడా తాలాయ్ గమనించకపోలేదు.

అంతలో ఫోను మోగింది. తల్లి.

"ఏంట్రా అన్నిసార్లు చేశావు? బజార్లో ఉన్నా. బంగాళాదుంపలు బేరం తెగడం లేదు."

"అమ్మా, నువ్వు... బాగున్నావా?"

"దుంపలవాడు బాగుంటే నేనూ బాగుందును" అని ఆవిడ పెట్టేసింది.

తాలాయ్‌కి ఎగిరి గంతేయాలనిపించింది. చుట్టూ ఏడుస్తున్న జనాన్ని చూసి నవ్వు మింగేశాడు. అమ్మ కాదు. మరెవరు? ఆ ప్రశ్నకు జవాబు పాత జీపులో వచ్చింది. జుమాష్ నోట కబురు విని, కెమిన్ నుంచి ఇషెన్‌బెక్ సొంత అన్న అసానాలి దిగాడు. నెరిసిన గడ్డం, భుజాల మీద గొర్రెతోలు కోటు. జీపు వెనక, చావు ఇంటికి వచ్చేవాళ్ల కోసం కోయించిన గుర్రం మాంసం. "నా ఇషెన్‌బెక్, నాకన్నా ముందు నీకేం తొందరరా" అని ఆయన ఏడ్చిన ఏడుపుకు చెట్ల మీద కాకులు లేచిపోయాయి.

తాలాయ్ కొయ్యబారిపోయాడు. ఇషెన్‌బెక్ అన్న పోయాడు. నిన్న సాయంత్రం తనను తిట్టిన మనిషి. వేడినీటి బుగ్గల్లో ఏమైందో ఏమో. అందరికీ తెలిసిపోయింది, అన్నీ చూసుకోమన్న తనకే చివర తెలిసింది. అన్నిటికన్నా ఘోరం, మనిషి బతికుండగానే అతని వాకిట్లో గుడారం వేయించిన పాపిష్టి తనే. అపశకునం తన చేతుల మీదుగానే జరిగింది. తాలాయ్ ఈసారి డైరెక్టరు కోసం ఏడ్చాడు, అదీ నిజంగానే.

అసానాలి లోపలికి వెళ్లబోతే, ముల్లా వచ్చేదాకా తెర తీయొద్దని పెద్దలు ఆపారు. ముల్లా ఇంకా రాలేదు. అసానాలికి ఓపిక తక్కువ. గుమ్మం ముందు నిలబడి, జనానికి ఎదురుగా తిరిగి, పూడ్చే ముందు అయినవాళ్లు అడగాల్సింది అడిగేశాడు.

"చెప్పండి. నా తమ్ముడు ఎలాంటివాడు?"

"మంచివాడు" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. అలాగే అనాలి.

"వాడు ఎవరికైనా బాకీ ఉంటే ఇప్పుడే, ఇక్కడే చెప్పండి. వాడి బాకీ నా బాకీ. బాకీలతో నా తమ్ముణ్ని మట్టిలో పెట్టను."

మామూలుగా ఇలాంటప్పుడు ఎవరూ నోరెత్తరు. కానీ బేకరీ ఆవిడ గొంతు సవరించుకుంది.

"డబ్బు బాకీ కాదు అన్నగారూ. నా కొట్టు తలుపు లోపలికి తెరుచుకునేలా గీశారు. పొయ్యి అంటుకున్న రోజు జనం తలుపు మీద పడి తోస్తుంటే అదెలా తెరుచుకుంటుంది? కిటికీలోంచి దూకాం. మారుస్తానన్నారు, మార్చలేదు."

"ఆ బాకీ నాది" అన్నాడు అసానాలి.

హెడ్మాస్టరు టోపీ తీశాడు. "మా స్కూలు గోడల్లో చలి ఆగడానికి ఉన్ని పలకలు పెడతానన్నాడు. గోడలు ఉత్తవే. పిల్లలు చేతికి తొడుగులు వేసుకుని లెక్కలు చేస్తున్నారు."

"ఆ బాకీ నాది."

గుడారం గుమ్మంలోకి బురుల్ కుర్చీ వచ్చి ఆగింది. "పోయినవాళ్ల గురించి చెడ్డ మాట అనకూడదు, అనను. పాలీక్లినిక్ కాగితాల్లో లిఫ్టు ఉంది. నేను వెళ్లి తలుపు తీస్తే అందులో చీపుళ్లున్నాయి. నేను డాక్టర్ని. పై అంతస్తులో ఉన్న నా రోగుల్ని ఒక్కసారి కూడా చూడలేదు."

"అదీ నాదే" అన్నాడు అసానాలి. ఈసారి గొంతు కొంచెం బలహీనంగా వచ్చింది.

తాలాయ్ నోరు అతని ప్రమేయం లేకుండానే తెరుచుకుంది. "ఆ పాలీక్లినిక్ ర్యాంపు కూడా. మా అమ్మ దాన్ని చూసి వెనక్కి వెళ్లిపోయింది. ఎన్నోసార్లు చెప్పాను. అన్న నా మాట వినలేదు" అన్నాడు. అనేశాక, చచ్చిపోయిన డైరెక్టరు మీద పదిమందిలో చాడీ చెప్పానే అని సిగ్గుతో చితికిపోయాడు. ఆయన లేకపోయినా ఉద్యోగం మాత్రం పోవడం ఖాయమనుకున్నాడు.

"నాదే" అన్నాడు అసానాలి. "అన్నీ నావే. ఇంతమంది సాక్షి."

అప్పుడు గేటు దగ్గర కారు కీచుమంటూ ఆగింది. అందులోంచి, మెడలో తువ్వాలు, తలలో తడి, ఇషెన్‌బెక్ దిగాడు.

జరిగింది ఇదీ అని తర్వాత తెలిసింది. స్నానం చేసి వచ్చి, పొద్దుపోక, కెమిన్‌లో అన్న ఇంటికి ఫోను చేస్తే కొత్తగా వచ్చిన కోడలు ఎత్తింది. చిన్నమామగారి గొంతు ఆ పిల్ల గుర్తుపట్టలేదు. "పెద్దాయన్ని నగరానికి... మీరూ ఆఫీసు దగ్గరికే వెళ్లండి. గట్టిగా ఉండండి" అని వెక్కుతూ పెట్టేసింది. ఇషెన్‌బెక్ కూడా మనవాడే. ఎవరు పోయారని మళ్లీ చేసి అడగలేదు. అన్న పోయాడు, గుడారం ఎలాగూ వేసి ఉంది కనక అందులోనే పడుకోబెట్టి ఉంటారు అనుకున్నాడు.

"అన్నా, నా పెద్దన్నా" అని గుండెలు బాదుకుంటూ, కన్నీళ్లలో ముందేముందో కనబడకుండా పరిగెత్తుకొచ్చాడు. ఏడుస్తూ వచ్చినవాణ్ని ఎదురేడ్చి కావలించుకోవాలి కనక అసానాలి కావలించుకున్నాడు. "నా తమ్ముడా" అని అతనూ, "నా అన్నా" అని ఇతనూ, ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని కరువుతీరా ఏడ్చారు. చుట్టూ ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. వీళ్లిద్దరివి మాత్రం ఆగలేదు.

"మీ ఇద్దరిలో పోయింది ఎవరో తేల్చుకోండి నాయనా" అన్నాడు తుర్దుకుల్ తాత. "మేం అలిసిపోయాం."

అన్నదమ్ములు విడివడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అసానాలి తమ్ముడి చెంప గిల్లి చూశాడు. ఇషెన్‌బెక్ "అబ్బా" అన్నాడు. తర్వాత తప్పక తాలాయ్ తెర తీసి దుప్పటి ఎత్తాడు. రబ్బరు బొమ్మ పైకప్పు వంక ప్రశాంతంగా చూస్తోంది.

"దీని కోసమా నేను గుర్రాన్ని కోయించింది?" అన్నాడు అసానాలి.

తాలాయ్ మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. గుడారం ఎందుకో, గంట ఎందుకో, పలక ఎందుకో. చెబుతుంటే అతనికే మొదటిసారి అంతా అర్థమైంది. ఇషెన్‌బెక్ మొహం ఎర్రబడింది.

"నీ విభాగం ఇవాళ్టితో సరి" అన్నాడు. "ఆ బల్ల ఇప్పుడే ఖాళీ చెయ్యి."

"వాడి జోలికి వెళ్లకు" అన్నాడు అసానాలి. "ముందు తలుపు, గోడలు, లిఫ్టు, ర్యాంపు. వీటి సంగతి చెప్పు."

"అవేంటన్నా?"

"నీ బాకీలు. నా నెత్తిన వేసుకున్నాను."

"నేను బతికే ఉన్నాను కదా."

"బతకడం నీ ఇష్టం. నేను చావు గుమ్మంలో నిలబడి వీధి మొత్తానికీ మాటిచ్చాను. ఒప్పుకున్న బాకీ వెనక్కి తీసుకున్నవాడు మన వంశంలో లేడు. నువ్వు తీర్చకపోతే నేను తీర్చాలి. నాకు గొర్రెలు తెలుసుగాని లిఫ్టులు తెలీవు. మంద అమ్ముకోమంటావా?"

ఇషెన్‌బెక్ చుట్టూ చూశాడు. వీధి మొత్తం అతని వైపే చూస్తోంది. అందరి కళ్లూ ఇంకా ఎర్రగానే ఉన్నాయి. కాసేపటి కిందట వీళ్లందరూ తనను మంచివాడన్నారని ఎవరో చెవిలో చెప్పారు. అది విన్నాక అతనికి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది.

"పునరావాస కేంద్రం సంగతి ఇవన్నీ తీరాక మాట్లాడదాం" అంది బురుల్. "అంతవరకు ఆ పని ఇంకెవరికీ ఇవ్వను. కానీ తీర్చే పని ఎవరు చూస్తారో నాకు ఇప్పుడే తెలియాలి. ఇవాళ నేను నా అంతట నేను వెళ్లగలిగింది ఈ గుడారం ఒక్కదాంట్లోకే."

అసానాలి తాలాయ్ భుజం పట్టుకుని ముందుకు తోశాడు. ఇషెన్‌బెక్ ఏదో అనబోయి, అన్న మొహం చూసి, తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు. అప్పుడే అందిన ముల్లా, శవం లేదని విని, మాంసం ఉందని తెలిసి, కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. నజిరా కూడా వచ్చి, పోయినవాళ్లెవరూ లేరని తెలిశాక తాలాయ్‌తో మళ్లీ మామూలుగా మాట్లాడింది. మధ్యాహ్నానికి మెట్ల కింది బల్ల కిటికీ పక్కకు చేరింది.

బతికున్నన్నాళ్లు ఒక్క మాటా నిలబెట్టుకోని ఇషెన్‌బెక్, పోయాక మాత్రం అన్నీ నిలబెట్టుకున్నాడు.